సుద్ద నేలలో లేత ఆలివ్ మొక్క: పసుపు కనబడగానే నీళ్లు పెంచకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ ఫ్లాట్ బాల్కనీలో ఏడాదిన్నరగా రెండు ఆలివ్ మొక్కలు పెంచుతున్నారు. ఒకటి బాగుంది, రెండోదానికి కొత్త చిగుళ్లు పసుపు తిరుగుతున్నాయి. తాడిపత్రి దగ్గర మీ నాన్నగారి పొలంలో ఎకరం బీడుగా పడివుంది. గడ్డపార వేస్తే అడుగు లోతులోనే తెల్లటి సుద్ద తగులుతోంది. బోరు ఏప్రిల్ నుంచి ఆగి ఆగి పోస్తుంది. "ఆలివ్‌కి సున్నపు నేల ఇష్టమట, నీళ్లు పెద్దగా అక్కర్లేదట, అక్కడ నలభై మొక్కలు పెట్టేద్దామా?" అని అడిగారు.

ఆ రెండు మాటలూ అబద్ధం కాదు. కానీ అవి వేరు దిగిన పెద్ద చెట్టు గురించి చెప్పినవి. మీరు పెట్టబోయేది సంచిలో పెరిగిన రెండేళ్ల మొక్క. నాది ధర్మవరం వైపు ఊరు. బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది, నర్సరీ పని, తోటలకు సలహాలు చెప్పే పని చేస్తున్నాను. ఈ ఇన్నేళ్లలో నేను చూసిన ఆలివ్ మొక్కల్లో కరువుకు చచ్చినవాటికన్నా, కరువుకు చస్తాయేమోనన్న భయంతో మనం పోసిన నీళ్లకు చచ్చినవే ఎక్కువ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఒక ఆకు తెంపి తిప్పి చూడండి. పైవైపు మైనం పూసినట్టు గట్టిగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. అడుగువైపు వెండి రంగు. నిజానికి అది రంగు కాదు, కంటికి ఆనని చిన్న చిన్న గొడుగుల్లాంటి పొలుసులు ఒకదాని పక్కన ఒకటి కప్పుకుని ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. ఆకు గాలి పీల్చే రంధ్రాలన్నీ ఆ గొడుగుల కిందే ఉంటాయి, పైవైపు ఒక్కటీ ఉండదు. వడగాలి వీచినా తేమ అంత సులభంగా బయటికి పోదు. నీటి కొరత ఇంకా ముదిరితే ఆకు తన కణాల్లో మానిటాల్, గ్లూకోజ్ లాంటి చక్కెరలు పోగుచేసుకుంటుంది. వాటి బలంతో, మామూలు పంటలు చేతులెత్తేసే పొడి మట్టిలోంచి కూడా నీళ్లు లాగుతుంది. చాలా పంటలు తిరిగి కోలుకోలేనంతగా వాడిపోయే హద్దును మట్టిలో మైనస్ 1.5 మెగాపాస్కల్ అని లెక్క కడతారు (మట్టి నీటిని ఎంత బిగువుగా పట్టుకుందో చెప్పే కొలత అది, మైనస్ పెరిగేకొద్దీ లాగడం కష్టం). ఆలివ్ మైనస్ 2.5 దాకా లాగగలదని కొలిచి చూశారు.

ఈ శక్తి లేత మొక్క ఆకుకు కూడా ఉంది. లేనిది వేరుకు. మన నర్సరీల్లో దొరికే ఆలివ్ మొక్కలు దాదాపు అన్నీ కొమ్మ ముక్కలకు వేళ్లు తెప్పించి పెంచినవి. గింజ మొక్కకు ఉండే తల్లివేరు వీటికి ఉండదు. మొదలు దగ్గర గుబురుగా పీచు వేళ్లు, అవి కూడా సంచి గోడకు తగిలి గుండ్రంగా తిరిగి ఉంటాయి. ఆకుల్లో ఎంత బలం ఉన్నా, వేరు అందుకునే మట్టి ఒక బకెట్టంత. ఆ బకెట్టు ఎండిపోతే లాగడానికి ఏమీ మిగలదు. మొదటి రెండు మూడేళ్లు మన పనంతా ఆ బకెట్టును పెద్దది చేయడమే.

ఇక సుద్ద సంగతి. సుద్ద అని మనం ఒకే పేరుతో పిలిచేది రెండు వేరు వేరు నేలలు కావచ్చు. ఒకటి మెత్తటి సుద్ద. గడ్డ తీసి నీళ్లలో వేస్తే కాసేపటికి నానిపోతుంది, గోటితో గీస్తే గీత పడుతుంది. ఇది స్పంజిలా నీళ్లు పీల్చుకుని మెల్లగా వదులుతుంది. స్పెయిన్ దక్షిణాన ఆండలూసియాలో అల్బరీసా అని తెల్లటి నేలలు ఉన్నాయి. శీతాకాలంలో పడిన వానను పట్టి ఉంచి, చినుకు రాలని ఎండాకాలమంతా ద్రాక్ష తోటలకు అందించేవి అవే. అలాంటి నేలలో సున్నం ఆలివ్‌కు కరువులో తోడు.

రెండోది గట్టి పొర. సున్నం వాన నీటిలో కరిగి కిందికి దిగి, నీరు ఆవిరైపోయాక అక్కడే పేరుకుని రాయిలా బిగుసుకున్నది. మీ తాడిపత్రి, జమ్మలమడుగు వైపు ఈ అనుమానం ఎక్కువ పడాలి, ఎందుకంటే అక్కడ కింద ఉన్నదే నాపరాయి, అంటే సున్నపురాయి. గడ్డపార వేస్తే మెత్తగా దిగకుండా ఖంగుమని మోగితే అది ఈ రెండో రకం. దాన్ని పగలగొట్టకుండా గుంట తీసి మొక్క పెడితే, సిమెంటు తొట్టిలో పెట్టినట్టే.

ఆ తొట్టి ఏం చేస్తుందో నేను స్వయంగా చూశాను. పదేళ్ల కిందట అనంతపురం జిల్లాలో ఒక మిత్రుడి పొలంలో 12 ఆలివ్ మొక్కలు పెట్టించాను. జూన్‌లో, తొలకరి పడగానే, మనకు అలవాటైన పద్ధతిలో. రెండడుగుల గుంట, సగానికి సగం పశువుల ఎరువు. కింద గట్టి సున్నపు పొర ఉందని తెలుసు, చెట్టు చూసుకుంటుందిలే అనుకున్నాను. వానలు పట్టాక చిగుళ్లు పసుపు తిరిగాయని ఫోన్ వచ్చింది. నీళ్లు అందడం లేదేమో, డ్రిప్ ఇంకో గంట వదలమన్నాను. మూడు వారాల తర్వాత వెళ్లి ఒక మొక్క మొదలు తవ్వాను. వేరు పట్టుకుని లాగితే పై తొక్క నా వేళ్ల మధ్యకు జారి వచ్చేసింది. లోపల సన్నటి నార మాత్రం మిగిలింది. మట్టి పులిసిన వాసన. గుంట అడుగున జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి, చుట్టూ పొలమేమో అప్పటికే పైన ఆరిపోయి ఉంది. 12లో 7 పోయాయి. ఆ గంట డ్రిప్ నేను చెప్పింది. ఇప్పటికీ ఎవరైనా ఫోన్‌లో "పసుపు" అంటే ముందు వేరు తవ్వి చూశారా అని అడుగుతాను.

ఇప్పుడు ఆ పసుపు ఎందుకు వస్తుందో చెబుతాను. మీ బాల్కనీ మొక్క సంగతి కూడా ఇందులోనే ఉంది.

లేత ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా సన్నటి గీతల్లా మిగిలితే అది ఇనుము లోపం. వేరుశనగ వేసే ఇంట్లో పుట్టినవారికి ఇది కొత్త కాదు. సున్నం ఎక్కువ ఉన్న చేలో పైరు లేతగా ఉన్నప్పుడు తెల్లగా పాలిపోతుంది, చీనీ (బత్తాయి) తోటల్లోనూ చూస్తాం. నేలలో ఇనుము లేక కాదు, మన ఎర్ర నేల ఎరుపే ఇనుము. అది తుప్పు రూపంలో, కరగకుండా ఉంటుంది. ఆలివ్ వేరు కొస కొంచెం ఆమ్లం వదిలి, చుట్టూ ఉన్న ఆ ఇనుమును కరిగించి, రూపం మార్చి లోపలికి తీసుకుంటుంది. సున్నపు నేలలో బైకార్బనేట్ అనే లవణం ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. వేరు వదులుతూనే ఉంటుంది, సున్నం తింటూనే ఉంటుంది.

ఇక్కడ అందరూ తప్పిపోయే మలుపు ఒకటి ఉంది. మట్టి తడిగా, గాలి ఆడకుండా ఉంటే వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక నీటిలో కరుగుతుంది. అది సున్నంతో కలిసి బైకార్బనేట్‌ను ఇంకా పెంచుతుంది. అంటే సున్నపు నేలలో నీళ్లు ఎక్కువైతే పసుపు పెరుగుతుంది. పసుపు చూసి మనం ఇంకా నీళ్లు పోస్తాం, అది ఇంకా పసుపవుతుంది. మరీ ఎండిన మట్టిలోనూ ఇనుము వేరు దాకా కదలదు, అది కూడా నిజమే. కానీ అప్పుడు పసుపుకన్నా ముందు చిగురు పెరగడం ఆగిపోతుంది. ఈ తేడా పట్టుకోగలిగితే సగం పని అయినట్టే. చిగురు సాగుతూ పసుపుగా ఉంటే ఇనుము సమస్య. చిగురు ఆగి, ఆకు దోనెలా ముడుచుకుని, రంగు బూడిదగా మారితే దాహం. అడుగున ఉన్న ముదురు ఆకులు మాత్రమే పండి రాలుతుంటే టెన్షన్ పడకండి, ఆలివ్ ఆకు రెండు మూడేళ్లు ఉండి సహజంగానే రాలుతుంది. ఆకు కొస మాత్రం పసుపై ఎండిపోతూ మొదలు పచ్చగా ఉంటే బోరాన్ లోపం అని అనుమానించాలి. ఆలివ్‌కు బోరాన్ అవసరం ఎక్కువ, సున్నమూ కరువూ రెండూ దాన్ని అందకుండా చేస్తాయి.

ఒక హెచ్చరిక. ఆలివ్ టమాటాలా తలవాల్చి దాహం చెప్పదు. ఎండి చచ్చిన కొమ్మ మీద కూడా ఆకు కొన్నాళ్లు బూడిద పచ్చగా అంటిపెట్టుకునే ఉంటుంది. అనుమానం వస్తే కొమ్మ మీద గోటితో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు.

మీ బాల్కనీ మొక్క దగ్గరికి వస్తాను. బెంగళూరు ఎర్రమట్టిలో సహజంగా సున్నం తక్కువ. మరి పసుపు ఎక్కడిది? నా అనుమానం నీళ్ల మీద. కుండీ అంచున, అడుగున ప్లేటులో తెల్లటి పొర కట్టిందేమో చూడండి. దాని మీద రెండు చుక్కల నిమ్మరసం పిండండి. బుసబుస నురగ వస్తే అది సున్నం, మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు రోజూ తెచ్చి పెట్టింది. ఏడాదిన్నరలో కుండీలో ఒక చిన్న సున్నపు నేల తయారైంది. అపార్ట్‌మెంట్లలో ఉప్పు వేసే సాఫ్ట్‌నర్ ఉంటే ఇంకో చిక్కు: సున్నం పోయి దాని బదులు సోడియం వస్తుంది, బైకార్బనేట్ అలాగే ఉంటుంది. ఆర్‌ఓ ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి, కుండీ మొక్కకు అస్సలు పోయకండి. ఆలివ్‌కి సున్నం ఇష్టమని గుడ్డు పెంకుల పొడి వేస్తుంటే అదీ ఆపేయండి.

పైన పేరుకున్న తెల్ల పొరను ఒక అంగుళం మట్టితో సహా గీకి తీసేయండి. వాన పడే రోజు కుండీని ఆరుబయట పెట్టి, అడుగు రంధ్రాల్లోంచి నీళ్లు ధారగా పోయేదాకా తడవనివ్వండి, లేదా పట్టుకున్న వాన నీళ్లు, కావేరి నీళ్లు వస్తే అవి, కుండీ పరిమాణానికి రెండింతలు మెల్లగా పోయండి. తర్వాత మట్టి పైన రెండంగుళాలు ఆరేదాకా మళ్లీ పోయొద్దు. నల్ల ప్లాస్టిక్ కుండీ పడమటి ఎండలో ఉంటే లోపల వేళ్లు ఉడుకుతాయి, మట్టి కుండీకి మార్చడం మేలు.

మందు విషయంలో డబ్బు వృథా చేసుకోకండి. సున్నపు మట్టిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) నేరుగా వేస్తే కొద్ది రోజుల్లోనే అది మళ్లీ తుప్పుగా మారిపోతుంది. చీలేట్ ఇనుము (తుప్పు పట్టకుండా వేరే పదార్థం పట్టి ఉంచిన ఇనుము) కొంటే డబ్బా మీద పేరు చదవండి. ఈడీటీఏ అని ఉంటే అది ఇలాంటి మట్టిలో నిలవదు, పీహెచ్ 6.5 దాటితే విడిపోవడం మొదలవుతుంది. ఈడీడీహెచ్ఏ అని ఉన్నదే సున్నపు మట్టిలో పనికొస్తుంది. ముదురు ఎరుపు పొడి, నీళ్లలో వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ చిన్న మొక్కకు 5 గ్రాములు నీళ్లలో కలిపి వేరు దగ్గర పోస్తే చాలు. వెలుతురు తగలకుండా సాయంత్రం పోసి పైన మట్టి కప్పండి. ఊళ్లో అది దొరక్కపోతే వేరుశనగకు కొట్టే మందే: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), పొద్దు వాలాక ఆకు అడుగువైపు తడిసేలా పిచికారీ చేయాలి. మైనపు ఆకు కాబట్టి జిగురు మందు కలపకపోతే జారిపోతుంది. ఇది తాత్కాలికమే, వచ్చే చిగురుకు మళ్లీ కొట్టాలి.

గంధకం వేసి నేలను మార్చేద్దామని కొందరు చెబుతారు. లెక్క వేసి చూడండి. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 900 టన్నులు. అందులో సున్నం ఒక్క శాతం ఉన్నా 9 టన్నులు. దాన్ని పూర్తిగా విరవడానికి దాదాపు 3 టన్నుల గంధకం కావాలి. మీ సుద్ద నేలలో సున్నం ఒక్క శాతంతో ఆగదు. నేలను మార్చలేం, నేలకు తగిన రకం వెతుక్కోవాలి. స్పెయిన్ రకాల్లో ఓహిబ్లాంకాకు సున్నాన్ని తట్టుకుంటుందని పేరు, మాన్సనీయా త్వరగా పసుపు తిరుగుతుంది. రకం పేరు చెప్పలేని నర్సరీ దగ్గర కొనకండి. చీనీకి అంటు కట్టిన వేరుమొక్క ఏమిటని అడిగి కొంటాం కదా, ఇదీ అంతే.

పొలంలో నాటడానికి మృగశిర కార్తె, అంటే జూన్, వద్దు. ఆలివ్ సొంత చోటైన మధ్యధరా దేశాల్లో వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పొడి. మనకు తిరగబడి ఉంటుంది, వేడిలో వాన. వేడి, తడి, గాలి ఆడని మట్టి మూడూ కలిస్తే లేత వేరుకు అంతకన్నా కష్టం లేదు. స్వాతి, విశాఖ కార్తెల్లో, అంటే అక్టోబరు చివర నుంచి నవంబరు నడిమి దాకా పెట్టండి. నేలలో తేమ ఉంటుంది, ఎండ తగ్గుతుంది, వేరు దిగడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. గుంటలో కాకుండా అడుగు ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద పెట్టండి. కింది పొరను గడ్డపారతో నాలుగైదు చోట్ల పగలగొట్టి చీలికలు తెరవండి, వేరుకు దారి కావాలి, నీటికి కూడా. ఎరువు మట్టిలో కలపకుండా పైన పరవండి.

సంచి విప్పాక తిరిగిన వేళ్లను మూడు చోట్ల నిలువుగా కోయండి. మొక్క కొబ్బరి పొట్టులో పెరిగి ఉంటే చాలా జాగ్రత్త. ఆ పొట్టు ముద్ద చుట్టూ ఉన్న మట్టికన్నా త్వరగా ఆరుతుంది. చుట్టూ మట్టి తడిగానే ఉంటుంది, మధ్యలో వేరు ముద్ద ఎండిపోతుంది. మొదటి రెండు నెలలు నీళ్లు ఆ ముద్ద మీదే పడాలి. ఆ తర్వాత డ్రిప్పర్‌ను మొదలు నుంచి అడుగు దూరం జరపండి, రెండో ఏడు రెండు డ్రిప్పర్లు, రెండడుగుల దూరంలో. వేరు తడి వెనక పోతుంది.

ఎన్ని లీటర్లు అని అడిగితే నేను ఇనుప చువ్వ చూపిస్తాను. నీళ్లు పెట్టిన మర్నాడు మూడడుగుల చువ్వ గుచ్చండి. తడి ఉన్నంతవరకు సులభంగా దిగుతుంది, పొడి తగలగానే ఆగుతుంది. అడుగున్నర దిగాలి. అంత దిగేలా ఒకసారి పెట్టి, మళ్లీ పైన జానెడు మట్టి ఆరేదాకా ఆగండి. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైనే ఉండిపోతుంది, బోరు ఆగిన వారంలోనే మొక్క పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మొదటి రెండు రోహిణులకు ప్రతి మొక్కకూ నీటి హామీ ఉండాలి. మీ బోరు ఆగి ఆగి పోస్తుంది కాబట్టి, మేలో ట్యాంకరు తెచ్చి పోయగలిగినన్ని మొక్కలే పెట్టండి. మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు మందంగా పరవండి, కాండానికి ఆనకుండా. లేత కాండానికి పడమటి ఎండ తగిలి బెరడు పగలకుండా సున్నం పూయండి. నేలలో అక్కర్లేని సున్నం కాండం మీద మాత్రం కావాలి.

కాయల మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆలివ్ పూత కట్టాలంటే చలికాలపు చలి కావాలి. 2007లో రాజస్థాన్ ప్రభుత్వం ఇజ్రాయెల్ సాంకేతిక సాయంతో ఆలివ్ పథకం మొదలుపెట్టి, అర్బెకీనా, కొరొనైకీ, బార్నియా లాంటి ఏడు రకాలు తెప్పించి పెట్టింది, 2014లో బికనేర్ జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో నూనె మిల్లు కూడా మొదలైంది. అది ఎడారే, కానీ అక్కడ జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, తోటలన్నీ డ్రిప్ మీద పెరిగాయి. బెంగళూరులో జనవరి రాత్రి సగటున పదిహేను దరిదాపుల్లో ఉంటుంది. తాడిపత్రి ఇంకా వెచ్చన. మొక్క బతుకుతుంది, నీడ ఇస్తుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. కాయ మీద, నూనె మీద లెక్కలు వేసుకుని నాన్నగారి చేత పెట్టుబడి పెట్టించొద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

కాబట్టి నలభై వద్దు. నాలుగు పెట్టండి, రెండు రకాలు, రెండేసి. మిగతా ఎకరం ఆదాయం కోసమైతే సీతాఫలం, రేగు చూడండి. అవి ఆ ఎండకూ ఆ నేలకూ అలవాటు పడినవి, పక్క ఊళ్లలో అమ్మకం ఉన్నవి.

మొక్కలు కొనేముందు ఒక పని చేయండి. ఈసారి ఊరెళ్లినప్పుడు మొక్క పెట్టాలనుకున్న చోట రెండడుగుల గుంట తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. ఇంకాక మళ్లీ నింపి, టైము రాసుకోండి. రెండోసారి పోసిన నీళ్లు తెల్లారేసరికి ఇంకిపోతే అక్కడ పెట్టొచ్చు. మర్నాడు సాయంత్రానికి కూడా అడుగున నిలిచే ఉంటే ఆ చోటు వదిలేసి, పొలంలో ఎత్తుగా ఉన్న ఇంకో మూల తవ్వి చూడండి.